వైరు ఊడదీసి కొలిచాను

మామయ్యకు,

ఇది ఫోనులో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. నీ పని పోయింది నా కాగితం వల్ల. పంపుల పరీక్ష గదిలో వాల్వు తెరుచుకోక, నీళ్లందక పంపు కాలిపోయిన రోజున కంప్యూటరుకు తగిలించిన బాక్సును నన్ను తనిఖీ చేయమన్నారు. అది వాల్వును తెరిపించే రిలేకు అయిదు వోల్టులు ఇవ్వాలి. నేను మర్నాడు పొద్దున్నే వెళ్లి, రిలే వైరు ఊడదీసి మీటరు పెట్టాను. అయిదు చూపింది. "బాక్సు బాగుంది, వైరింగులో లోపం" అని రాసి సంతకం చేశాను. వైరింగు నీది. "ముప్ఫై ఏళ్ల చెయ్యి, వణుకు మొదలైనట్టుంది" అన్నాడు సూపర్‌వైజరు. నేను మీటరు డబ్బాలో సర్దుకున్నాను.

నీ తరవాత వచ్చినతను వైర్లన్నీ మార్చాడు. నిన్న వాల్వు మళ్లీ మొండికేసింది. ఈసారి వైరు ఉంచే కొలిచాను. మూడు పాయింట్ ఒకటి. బాక్సుకు కరెంటు కంప్యూటరు నుంచే, యూఎస్‌బీ వైరులో వస్తుంది. మధ్యలో ఎవరో ఆ ఒక్క వైరును నాలుగుగా పంచే చిన్న హబ్బు పెట్టారు. నా బల్ల మీది ఫ్యానూ దానికే. ఫ్యాను పీకేశాను. నాలుగు పాయింట్ ఎనిమిది. వాల్వు టక్కుమంది. వైరు ఊడదీస్తే బాక్సు మోసేదేమీ ఉండదని, బరువు ఎత్తించి చూడమని మొదటి వారమే చెప్పావు నువ్వు.

ఏడుపు రాలేదు. అన్నం తిన్నాను, పడుకున్నాను. సోమవారం ఇదంతా రాసి ఇస్తాను.

నీ మేనకోడలు

అమ్మాయీ,

మీ అత్త చదివి వినిపించింది. "ఇన్నాళ్లూ ఈ పిల్ల పలకరించకపోతే పొగరనుకున్నాను, దీనికి పిచ్చి" అంది.

ఆ హబ్బు పెట్టింది నేను. ఫైలుతో విసురుకుంటున్నావని ఫ్యాను తగిలించాను. ఇంటికొచ్చిన మూడో రోజే సంగతి తట్టింది. చెబితే ఫ్యాను ఎవరిదని అడుగుతారు. మనలో పని పోయి ఇంటికొచ్చినవాళ్లు ఒకరు చాలనుకున్నాను. ఏమీ రాసి ఇవ్వకు. నాకిక్కడ మిక్సీలు బాగుచేసే పనుంది.

మామయ్య

మామయ్యా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. సోమవారమే ఇచ్చేశాను.

"ఫ్యాను ఎవరిది?" అన్నాడు సూపర్‌వైజరు. నాదన్నాను.

"హబ్బో?"

తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు. బుధవారం మళ్లీ వెళ్లి అదీ నేనే పెట్టానని చెప్పాను. "మొన్న గుర్తు రాలేదా అమ్మా?" అన్నాడు. రాలేదన్నాను.

నన్ను గోదాముకు మార్చారు. అక్కడ పెట్టెలు లెక్కపెట్టాలి. నిన్ను తిరిగి పనిలోకి రమ్మన్న కాగితం ఇందులోనే ఉంది. వచ్చి హబ్బు పెట్టింది నువ్వని మాత్రం చెప్పకు.

ఫ్యానును చార్జరు పెట్టి గోడ ప్లగ్గుకు మార్చాను. పరీక్ష గదిలో నీ స్టూలు వైపు తిప్పి ఉంచాను.

నీ మేనకోడలు