ఎక్కించని చివరి రీలు

షోరనూరు అతిథి గృహం,
1994 నవంబరు 6, ఆదివారం.

చిరంజీవి సేతుమాధవన్‌కి అన్నగా నీ ఏట్టన్ తలమీద చెయ్యిపెట్టి దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇంటి దగ్గర అందరం బాగున్నాం. బాగున్నామంటే అమ్మ మోకాళ్ళు, నా దగ్గు, వానపడితే కారే వంటింటి పెంకులు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయని. సలాలాలో నీకు ఎండదెబ్బ తగ్గిందని చదివి వినిపించాక అమ్మ ఆ పూట తాంబూలం రెండుసార్లు వేసుకుంది.

నువ్వడిగినవి మరిచిపోకముందే చెప్పేస్తాను. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పగానే ఎదురుగా నేనే ఉన్నాను. కాసేపు తేరిపార చూసి, "అచ్యుతా, ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావురా? ఇన్నాళ్ళూ చెప్పలేదే" అంది. మీ ఆవిడ నళిని కుట్టు నేర్పే తరగతికి ఇప్పుడు తొమ్మిదిమంది వస్తున్నారు. నీ కూతురు మిని వాళ్ళమ్మ కంటే రెండు వేళ్ళు పొడుగైంది. పెరట్లో పనసచెట్టు కొట్టించలేదు, కంగారుపడకు.

నా పదకొండో సినిమా రాత కోసం మూడు వారాలుగా ఈ గదిలోనే ఉన్నాను. నా పద్ధతి నీకు తెలిసిందే, ఒళ్ళో చెక్క పెట్టుకుని, ప్రతి పాత్ర మాటా పైకి అంటూ రాయాలి. మొన్న అత్తాకోడళ్ళ పోట్లాట రాస్తుంటే వంటమనిషి తలుపు తట్టి, "సారే, లోపల ఆడవాళ్ళు ఎంతమందో చెబితే అన్ని గిద్దల బియ్యం పోస్తాను" అన్నాడు. ఇక్కడ నాకు దొరికిన నవ్వు అదొక్కటే. కథంతా వచ్చింది, ముగింపు రావడం లేదు.

ముగింపు అనగానే నీ ఉత్తరంలో ఆఖరి పేజీ గుర్తొస్తుంది. మీ గదిలో వాళ్ళంతా కలిసి నా తొలి సినిమా "రెండో రేవు" క్యాసెట్ చూశారని రాశావు. చివర్లో మాధవి రేవు మెట్లు దిగుతుంటే, నది నడుమ పడవలో గొడుగు వెనక ఎవరో ఉండగా బొమ్మ ఆగిపోతే, టేపు తెగిందనుకుని ఒకతను లేచి పెట్టెను తట్టాడన్నావు. నువ్వేం చెప్పావో రాయలేదు. కింద మాత్రం ఒక ప్రశ్న వేశావు: "పత్రికలో చదివాను ఏట్టా, ఒక సాయంత్రం పడవ వెళ్ళిపోవడం చూస్తుంటే ఆ ముగింపు తోచిందన్నావట. నిజంగా అలాగే తోచిందా?"

ఆ ప్రశ్నకు నలభై రోజులుగా జవాబు రాయలేకపోయాను. ఉత్తరం ఆలస్యమైంది అందుకే. పనుల వల్ల కాదు.

నేను మద్రాసు వెళ్ళిన రోజు నీకు గుర్తుందా? నీకు పద్దెనిమిదేళ్ళు. ఇంట్లో ఒక్కడైనా పనిలో ఉండాలని కాలేజీ మానేసి మన పుళక్కడవు ప్రభాత్ టాకీసులో చేరావు. నేను కోడంబాక్కంలో తొమ్మిదేళ్ళు క్లాపు కొట్టి, ఇతరులు రాసిన మాటలు శుభ్రప్రతి తీసి, తిట్లు తిని, చివరికి నలభై ఏళ్ళు దగ్గరపడుతుండగా ఒక సినిమా తీశాను. అది మన ఊరికి వచ్చినప్పుడు ఆపరేటర్ గదిలో ఉన్నది నువ్వు. ఒక్క ప్రింటుతో రెండు ఊళ్ళు ఆడించేవాళ్ళు. ఒట్టప్పాలంలో ఒక రీలు అయిపోగానే మనకు పెద్దన్నలాంటి బీరాన్ ఇక్క సైకిలు వెనక కట్టుకుని మన ఊరికి తెచ్చేవాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటలో నువ్వు చివరి రీలు ఎక్కించలేదు. హాలు యజమాని పణిక్కర్ అడిగితే నిద్రపోయానన్నావు. ఉద్యోగం పోయింది. ఆరు నెలలకు గల్ఫు విమానం ఎక్కావు.

అప్పట్నుంచి నీ పేరు నిద్ర ఆపరేటర్. ఊరంతా అన్నారు, చుట్టాలన్నారు, అమ్మా అంది. "మా సేతు గల్ఫులో ఏం చేస్తాడో గానీ కూర్చుని చేసే పని మాత్రం ఇవ్వకూడదు" అని ఎన్నిసార్లు నవ్వించిందో లెక్కలేదు. నా గృహప్రవేశం రోజున సినిమావాళ్ళందరి ముందూ నేనే ఆ కథ నటించి చూపించాను. గురక కూడా పెట్టాను. మిని అక్కడే గుమ్మం దగ్గర నిలబడి ఉంది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత అది మా ఇంటికి రావాలంటే కడుపునొప్పి అనేది. ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇక అసలు సంగతి.

ప్రభాత్ టాకీసు పడగొట్టి కల్యాణమండపం కట్టబోతున్నారు. పణిక్కర్ పోయాక వాళ్ళబ్బాయి చేతికి వచ్చింది. పాత పోస్టర్లేమైనా కావాలంటే తీసుకెళ్ళమని కబురుపెడితే అక్టోబరు 26 బుధవారం వెళ్ళాను. ఆఫీసు సొరుగు దులుపుతూ ఆ అబ్బాయి ఒక కవరు నా చేతిలో పెట్టి, "ఇది మీ చేతిరాతే కదా" అని పక్కకి వెళ్ళిపోయాడు. చదివాడని ముఖం చూస్తేనే తెలిసింది.

సేతూ, ఆ ఉత్తరం నేను రాసిందే. పంపిణీదారు ఫోను చేసి, మీ ఊళ్ళో ఆపరేటర్ నిద్రపోయి చివరి రీలు వెయ్యలేదన్న రోజున రాశాను. ఆపరేటర్ నువ్వేనని తెలుసు. తెలిసే రాశాను. ఇంకెవరైనా అయితే రెండు తిట్లతో పోయేది. తొమ్మిదేళ్ళు ఆకలితో మాడి తీసిన సినిమా మీద నా తమ్ముడే గురకపెట్టాడని నాకు ఒళ్ళు మండిపోయింది. "తమ్ముడని చూడవద్దు, వెంటనే తీసెయ్యండి, లేకపోతే నా సినిమాలేవీ ఇకపై మీకు రావు" అని రాశాను. పణిక్కర్‌కి నువ్వంటే ప్రాణం. ఆయన తనంత తాను నిన్ను పంపేవాడు కాదు. నా ఉత్తరం సంగతి నీకు చెప్పకుండా తప్పంతా తన మీద వేసుకుని పోయాడు.

అక్కడితో ఆగినా మనిషినే అనిపించుకునేవాణ్ణి. ఆ ఉత్తరం రాసిన తొమ్మిదో రోజున కోళిక్కోడు వారపత్రికలో ఆ సమీక్ష వచ్చింది. పూరం ఉత్సవం చూడ్డానికి మన ఊరొచ్చిన విమర్శకుడు ఆ ఆదివారం ఆటే చూశాడు. గొడుగు వెనక ముఖం చూపకుండా ఆపడం ఎంత ధైర్యం అని రెండు పేజీలు రాశాడు. నా అసలు చివరి రీలేమిటో నీకు తెలుసు. గొడుగు వెనక ఉన్నది మాధవి మొగుడే, పది నిమిషాలు క్షమాపణ ఉపన్యాసం, పైన ఒక పాట. అన్ని ప్రింట్లలోంచి ఆ రీలు తీయించేశాను. అప్పుడే పణిక్కర్‌కి ఒక్క ముక్క రాసి నిన్ను వెనక్కి తీసుకోమనాల్సింది. అలా రాస్తే ముగింపు నాది కాదని తెలిసిపోతుందని రాయలేదు. అవార్డు తీసుకున్న వేదిక మీద పడవ కథ అల్లాను. తర్వాత చెప్పి చెప్పి దాన్ని నేనే నమ్మేశాను.

కవరు పట్టుకుని బయటికొస్తే బీరాన్ ఇక్క టికెట్ల కిటికీ కింద గట్టుమీద కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది, నోరు మాత్రం అదే.

"ఏంటి సారే, పోస్టర్లకొచ్చి శవంలా బయటికొచ్చావు?"

కవరు జేబులో దాచి, "మా సేతు నిద్ర సంగతి గుర్తొచ్చింది ఇక్కా" అన్నాను.

"నిద్రా? ఎవడు నిద్రపోయాడు?" అన్నాడు. "రీలు డబ్బా నా చేత్తో వాడి బల్ల మీద పెట్టాను. టీ ఇచ్చి 'తాగు ఇక్కా' అన్నాడు. గుడ్లగూబలా మేలుకునున్నాడు."

నేను గట్టుమీద ఆయన పక్కన కూర్చున్నాను.

"శుక్రవారం, శనివారం ఆరు ఆటలూ వాడు నీ సినిమా చూడలేదు సారే. గోడలో చిల్లుంది కదా, అందులోంచి జనం తలలు చూశాడు. గొడుగు పడవలో కనపడేదాకా ఒక్క తల కదల్లేదట. నీ సినిమాలో మొగుడు పడవ దిగి ఉపన్యాసం మొదలెట్టగానే ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కోవడం, మగాళ్ళు పంచెలు దులుపుకోవడం. ఆదివారం నేను డబ్బా పెడితే, 'ఇక్కా, ఇది ఎక్కించను. మా ఏట్టన్ సినిమా ఇంతకుముందే అయిపోయింది' అన్నాడు. లైట్లు వేశాడు. అయినా జనం లేవలేదు. అంత నిశ్శబ్దం ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు."

"మరి నిద్రపోయానని ఎందుకు చెప్పాడు?"

"నేనూ తిట్టాను. 'కావాలని ఆపానంటే ఏట్టన్ తీసింది బాగాలేదని ఊరంతా అంటుంది ఇక్కా. నిద్రపోయానంటే నన్నొక్కణ్ణే తిడతారు. నేను తమ్ముణ్ణి, పర్లేదు' అన్నాడు. ఖురాను మీద ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు హాలే పోతోంది, ఇంక ఒట్టెందుకులే అని చెబుతున్నా."

ఆయన ముందే ఏడ్చాను, సేతూ. ఆయన, "ముక్కు తుడుచుకో సారే, సినిమావాడివి, జనం చూస్తారు" అని తన తుండు ఇచ్చాడు.

నీ ప్రశ్నకు ఇదీ జవాబు. ఆ ముగింపు నాకు తోచలేదు. నీకు తోచింది. పది సినిమాల తర్వాత కూడా జనం తలలు చూడడం నాకు రాలేదు. అందుకే ఈ గదిలో మూడు వారాలుగా గోడలు చూస్తున్నాను. ఆ ముగింపు నీదేనని తెలిసి కూడా పదమూడేళ్ళు ఆ పేరు మోశావు. నా గురక వేషానికి నీ పెళ్ళాం, నీ కూతురు నవ్వినట్టు నటించాల్సి వచ్చింది. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

"రెండో రేవు" సినిమా రాతప్రతి పుస్తకంగా వస్తోంది. త్రిశ్శూరు ప్రచురణకర్త ముందుమాటలో ముగింపు కథ రాయమన్నాడు. పడవ సంగతి కొట్టేసి, ప్రభాత్ టాకీసు ఆపరేటర్ గది సంగతి రాసి మంగళవారం పంపాను. నీ పేరుంది, బీరాన్ ఇక్క పేరుంది, నేను రాసిన ఫిర్యాదు అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆయన ఫోను చేసి, "మాస్టారూ, ఇది అచ్చేస్తే మీ పేరేమవుతుంది?" అన్నాడు. వెయ్యమన్నాను. ఆ ఫిర్యాదు అసలు కాగితం ఈ కవర్లోనే ఉంది. చింపినా, దాచుకున్నా నీ ఇష్టం.

ఇంకొకటి. ప్రభాత్ పడగొట్టడం విషు పండగ అయ్యేదాకా ఆపమని పణిక్కర్ కొడుకుని అడిగాను, ఒప్పుకున్నాడు. నువ్వు సెలవు మీద వచ్చాక ఆ హాల్లో ఆఖరి ఆట "రెండో రేవు". నేను తీయించేసిన రీలు నా బీరువాలో డబ్బాతో సహా ఉంది. బీరాన్ ఇక్క సైకిలు మీదే తెస్తానంటున్నాడు, డెబ్బై రెండేళ్ళు నిండాయని చెప్పినా వినడు. నేను కింద జనంలో కూర్చుంటాను. డబ్బా నీ బల్ల మీద ఉంటుంది. ఎక్కిస్తావో, లైట్లు వేస్తావో, అది నీ పని.

నిన్న ఇంటికి వెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా ఉత్తరం గురించి ఒక్క మాట అడగలేదు. చాలాసేపు తాంబూలం డబ్బా మూత తీస్తూ వేస్తూ కూర్చుంది.

"అయితే వాడు ఆ రోజు మేలుకునే ఉన్నాడా?"

"మేలుకునే ఉన్నాడమ్మా."

లేచింది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, చెయ్యి పడతానన్నా పట్టించుకోకుండా, మోకాళ్ళ నొప్పితోనే గేటు దాటి మీ ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. మిని వరండాలో చదువుకుంటోంది. అమ్మ మెట్టు కూడా ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి దానికి చెప్పింది.

"మోళే, మీ నాన్న నిద్రపోలేదే."

ఇట్లు,
నీ ఏట్టన్
అచ్యుతన్