ఇప్పు అనే మాట

శుక్రవారం, సిరిసిల్ల

మా బట్టల యూనిట్ల, నేను చూసే లైన్ల, "తప్పు" అనే మాట లేదు. కుట్టు వంకర పోతే "ఇప్పు" అంటం, అంతే. కుట్లు ఇప్పాలె, మల్ల కుట్టాలె. తిట్టుడు లేదు, మిషన్ మీదికెల్లి లేపి బటన్ల పనికి ఎనుకకు పంపుడు లేదు. గీ పద్ధతి నేనే పెట్టిన. మేనేజర్ సారుకు మాత్రం టైం దండుగ అనిపిస్తది.

ఇయ్యాల బడి యూనిఫాంల కొత్త ఆర్డర్ మొదలైంది. కాలర్ ఎట్ల ఎక్కించాల్నో చూపిద్దామని నేనే మిషన్ మీద కూసున్న. అందరు చుట్టు నిలవడ్డరు, సారు కూడ. కుట్టి, పైకి లేపి చూపించిన. అందరు సారు దిక్కు చూసిన్రు. గంభీరావుపేట నుంచి వచ్చే లత, పోయినేడు బటన్ల పనిల చేరి ఇప్పుడు మిషన్ ఎక్కిన పిల్ల, మెల్లగ అన్నది:

"అక్కా, ఇప్పు."

కాలర్ ఉల్టా కుట్టిన! సారు ముంగట పానం పోయినంత పనైంది. నేను కుట్లు ఇప్పుతుంటే సారు నవ్విండు. రేపు ఏమంటడో...

ఏమన్న అననియ్యి. పెట్టబోయే కొత్త లైన్ ఎవరు చూసుకుంటరని సారు ఎన్నడిసందో అడుగుతుండు కద. నాకే "ఇప్పు" అన్న పిల్ల ఎవరికి భయపడతది? పొద్దున పోంగనే లత పేరు చెప్త.