టీచరమ్మ పురుడు

ప్రియమైన అమ్మకు,

అలెయ్‌దా ముద్దులు. నువ్వు పెద్దవాళ్ల బడిలో చేరి అక్షరాలు నేర్చుకున్నావని ఇక్కడ కనిపించిన వాళ్లందరికీ చెప్పి విసిగిస్తున్నాను. ఈ ఉత్తరం మాత్రం నువ్వే చదువు. ఎవరిచేతా చదివించకు, ముఖ్యంగా లెయొకాదియో మామయ్యచేత.

నాకు ఆరో నెల. మీ అల్లుడు ఆర్నోబియో కాఫీ గింజలు కోసే పనికి వెళ్తున్నాడు. ఇక్కడ పెరేరా పట్నంలో నా ఆరోగ్య కార్యకర్త శిక్షణ కూడా అయిపోవస్తోంది. కాన్పుకి మన కొండకే రావాలని ఉంది. నీ చేతులు తప్ప వేరే చేతులు నాకొద్దు. కానీ ముందు నువ్వొక మాటివ్వాలి.

మొన్న తరగతిలో నర్సు బొమ్మ చూపిస్తూ ఆడవాళ్ల మర్మస్థానం గురించి చెబుతోంది. బొమ్మలో ఉన్నదొకటి నా ఒంట్లో లేదు. ఉండబట్టలేక, "మీకు పుట్టగానే మంత్రసాని కోసెయ్యలేదా?" అని అడిగేశాను. ఆవిడ కుర్చీలో కూలబడింది. అమ్మా, వాళ్లెవరికీ కొయ్యరట! ఆడపిల్ల పుట్టిన ప్రతి ఇంట్లోనూ జరిగేదే అనుకున్నాను నేను. ఈ దేశంలో మన ఎంబెరా తెగలోనే ఈ ఆచారం ఉందట.

నువ్వు దాన్ని 'బాగుచేయడం' అంటావు. ఇక్కడ గాయం అంటారు. ఆ గాయం చీము పట్టి పసిపిల్లలు చచ్చిపోతారట. మన పక్కింటి ఓలివా మొదటి పిల్ల నెల తిరక్కుండానే పోతే నీళ్ల దయ్యం పట్టుకుపోయిందన్నాం కదా. ఆ బిడ్డ ఒళ్లు ఎందుకలా కాలిపోయిందో నాకిప్పుడు అర్థమవుతోంది.

నాకు ఆడపిల్ల పుడితే బ్లేడు తాకించనని రాసివ్వు. వెంటనే బయల్దేరతాను.

నీ కూతురు,
అలెయ్‌దా

*

ప్రియమైన అలెయ్‌దాకు,

అమ్మ ఓతీలియా రాసేది. నీ ఉత్తరం కూడబలుక్కుంటూ చదివాను. ఒళ్లు మండిపోయింది. మీ నాన్న పోయేదాకా ఆయనకి తెలియని సంగతి, మామయ్యకి ఇప్పటికీ తెలియని సంగతి, నువ్వు పట్నంలో తరగతి మధ్యలో నిలబడి అడిగావా? ఆడవాళ్ల గుట్టు కొండ దిగి పెరేరా దాకా నడిచిపోయింది. నీ నోరు పాడుగాను!

నేను నిన్ను చెడగొట్టానంటావా? బాగుచేయకపోతే అది పెరుగుతుంది. మగాడికున్నట్టే అవుతుంది. మొగుడు దగ్గరికి రాడు, కాన్పులో బిడ్డకి అడ్డుపడుతుంది. ఈ మాట మా అమ్మ నాకు చెప్పింది, మా అమ్మకి వాళ్లమ్మ. ఇంతమంది ముసలమ్మలు వెర్రివాళ్లు, నీ నర్సు ఒక్కతే తెలివైనదా? ఆవిడ అబద్ధం చెప్పలేదని నీకేం తెలుసు, చూశావా?

రాసివ్వను. నా మనవరాలు సిగ్గుతో బతకడం నాకిష్టం లేదు. నువ్వు మాత్రం కాన్పుకి రావాల్సిందే. బొడ్డు మీద రుద్దడానికి చీమలు ఎండబెట్టి ఉంచాను, బిడ్డ కష్టజీవి అవుతుంది. నీకు సాలీడు పొడి రుద్దాను, పూసలల్లే చెయ్యి వస్తుందని. చెయ్యి రాలేదు గానీ నోరొచ్చింది.

మీ అమ్మ,
ఓతీలియా

*

ప్రియమైన అమ్మకు,

నువ్వు ఎగతాళి చేశావు. నేను ఏడ్చాను. నీ ఉత్తరం దాచబోతే ఆర్నోబియో చూశాడు, అంతా చెప్పేశాను. అన్నం ముందు నుంచి లేచి గుమ్మంలోకి వెళ్లాడు. "ఇన్నేళ్లు మా అమ్మ, మా అక్కలు... నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు.

నేను ఆసుపత్రిలో కంటాను. ఆడపిల్లయితే నువ్వు మాటిచ్చేదాకా తనని కొండెక్కించను. ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియాలి. బిడ్డ ముందు నీ చేతుల్లో పడాలని కలలు కన్నదాన్ని.

నీ కూతురు,
అలెయ్‌దా

*

ప్రియమైన అలెయ్‌దాకు,

వానలు. కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది, జీపు రావడం లేదు. ఇది నడిచి దిగేవాళ్ల చేతికిస్తున్నాను.

నీకు గట్టిగా జవాబు రాద్దామని కూర్చున్నాను. ఇంతలో మా బడి టీచరమ్మ మార్లెనీ మొగుడు బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఆవిడకి నొప్పులట. పట్నం పోవడానికి దారి లేదు. మన తెగ కాని వాళ్లకి నేనెప్పుడూ పురుడు పోయలేదు. కానీ నాకు 'అ' దిద్దించిన చెయ్యి ఆవిడది. వెళ్తున్నాను.

మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

ఇన్ని వారాలు ఒక్క ముక్క రాయలేదు. జీపు నడిపే నోల్బెర్తో దిగొచ్చి చెప్పిన మాటలు వింటే నాకు నిద్ర పట్టడం లేదు. మంత్రసాని సంచి భుజాన వేసుకుని కొండ కొండకీ తిరుగుతున్నావట. మంత్రసానులందర్నీ కూడగడుతున్నావట. మగవాళ్లతో సహా సభ పెట్టమని సంఘం పెద్ద అయిన మామయ్య వెంటపడుతున్నావట.

ఆ సభ నా మీదేనా? గుట్టు బయటపెట్టానని నా కాళ్లు కొయ్య బొండలో బిగించి శిక్షిస్తారా? కడుపుతో ఉన్న కూతురి మీద ఇంత పగా అమ్మా? నాకు భయంగా ఉంది. నా కోసం కాదు, నెలలు నిండిన ఓలివా కోసం. నేను రాలేను. ఓలివాకి ఆడపిల్ల పుడితే ఎవరు ఆపుతారు?

అలెయ్‌దా

*

నా బంగారు తల్లి అలెయ్‌దాకు,

పిచ్చిమొద్దూ! తిరిగాను, అందర్నీ కూడగట్టాను, సభా పెట్టించాను. నీ మీద కాదే.

ఆ రోజు టీచరమ్మ ఇంట్లో, పట్టపగలు కిటికీ వెలుతురులో, నీ నర్సు బొమ్మలో ఉన్నది నా కళ్లతో చూశాను. ఎవరూ కొయ్యలేదు. ఏమీ పెరగలేదు. బిడ్డకి అడ్డూ పడలేదు, చేపలా జారి నా చేతుల్లోకి వచ్చింది. ఇక దగ్గరికి రాని మొగుడంటావా, గుమ్మం దగ్గర చంటిపిల్లాడిలా ఏడుస్తూ "నా మార్లెనీ, నా మార్లెనీ" అని ప్రాణం తీశాడు.

నేను బొడ్డు కోసి, అక్కడే కూర్చుని గుర్తు చేసుకున్నాను. నేను పురుడు పోసిన వాళ్లంతా మనవాళ్లే, మనం కోసినవాళ్లే. కొయ్యని మనిషిని నేను గానీ మా అమ్మ గానీ ఒక్కసారి చూశామా? చూడకుండానే భయపడ్డాం, భయపడి కోశాం. నీకు చేసింది నేను మళ్లీ అతికించలేను. అది తలుచుకుంటే నా చేతులు నాకే బరువవుతున్నాయి.

సంచి వేసుకుని ప్రతి మంత్రసాని ఇంటికీ వెళ్లి ఒక్కటే అడిగాను: "కొయ్యని ఆడదాన్ని నువ్వెప్పుడైనా చూశావా?" ఎవరూ చూడలేదు. ఒకావిడ కుక్కని ఉసిగొల్పింది. అప్పుడు టీచరమ్మ, "నా పురిటి స్నానానికి అందర్నీ పిలవండి, చూసుకోనివ్వండి" అంది. ఆ తల్లి ముఖం సిగ్గుతో కందిపోయింది, అయినా తలుపు మూసుకోలేదు. కొండల్లో ఉన్న మంత్రసానులంతా వచ్చి ఆమెకి నీళ్లు పోశారు. తమ కళ్లతో చూసుకుని వెళ్లారు. ముసలి మంత్రసాని బెనీల్దా అత్త మాత్రం, "నాకు కళ్లు కనపడవు, మీ కళ్లు నేనెందుకు నమ్మాలి?" అని కర్ర పొడుచుకుంటూ పోయింది.

సభలో మగవాళ్ల ముందు నేనే లేచి చెప్పాను. సంఘం పెద్దనని కూడా మరిచిపోయి మామయ్య పెద్దరికపు చేతికర్ర కింద పడేసుకున్నాడు. "అక్కా, మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "మీరెప్పుడడిగారు?" అన్నాను. అప్పుడు ఓలివా అంత కడుపుతోనూ లేచి, "నా మొదటి పిల్లని నీళ్ల దయ్యం పట్టుకుపోలేదు" అంది. పక్కనే ఉన్న మొగుడు అప్పుడే విన్నాడు ఆ సంగతి. అతను ఆమె చెయ్యి పట్టుకుని సభ అయ్యేదాకా వదల్లేదు.

మంత్రసానులం ఒక్కొక్కరం లేచి చెప్పాం: బొడ్డు మందు ఉంటుంది, జోలపాట ఉంటుంది, కోత ఉండదు. కొండలన్నిటికీ ఇదే కట్టుబాటు. ఇదిగో, నీకు రాసిచ్చాను. మగవాళ్లు కేకలు వేశారు, ఆడవాళ్లు ఏడ్చారు, మొక్కజొన్న కల్లు కుండలు ఖాళీ అయ్యాయి. నేనూ తాగాను, దాచేదేముంది!

నిన్న పొద్దున ఓలివాకి కాన్పయింది. ఆడపిల్లే. ఎవరూ పిలవకుండానే బెనీల్దా అత్త గుంజల మీది ఆ ఇంటికి నిచ్చెన ఎక్కి వచ్చి మూల కూర్చుంది. నేను బిడ్డని కడిగి, చుట్టి, ఆవిడ ఒళ్లో పెట్టాను. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఏమీ కొయ్యలేదుగా?" అంది అత్త.

"లేదత్తా."

"మరెందుకేడుస్తోంది?"

"ఆకలికి."

ఓలివా బిడ్డని తీసుకుని పాలిచ్చింది. ఏడుపు ఆగిపోయింది. అత్త ఒంగి ఆ గుటకలకి చెవి పెట్టింది.

"ఓతీలియా, నా బతుకంతా పురుళ్లు పోశాను. పుట్టిన రోజు ఆడపిల్ల పాలు పట్టగానే ఊరుకోవడం ఇదే మొదటిసారి వినడం" అంది, నా భుజం మీద తల పెట్టి.

త్వరగా వచ్చెయ్, తల్లీ. నా చేతులు నీ కోసం కాచుకుని ఉన్నాయి.

నీ అమ్మ,
ఓతీలియా