పక్కింటి అప్పు

ఆదివారం, మధ్యాహ్నం

నీకు,

వారం నుంచి గాలి లేదు. పొద్దున మొదటి గంట కొట్టేసరికే బడి రేకులు చిటపటమంటున్నాయి. మధ్యాహ్నానికి పిల్లల తల మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఈ రోజు సెలవే అయినా బడికి వెళ్ళాను. నీళ్ళ తొట్టి కడిగాను, రెండు గదులూ ఊడ్చాను, మేకు దొరక్క విరిగిన బల్లకాలు తాడుతో బిగించాను. బీరువా మీద నుంచి నీ లెక్కల పుల్లల కట్టలు దించి దుమ్ము దులిపాను. రబ్బరు బ్యాండ్లు ఎండి తెగిపోయాయి. పుల్లలు పదేసి లెక్కపెట్టి దారంతో కట్టేసరికి పూట గడిచింది. ఇంటికి వచ్చి నాలుగు చెంబులు నీళ్ళు పోసుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. చొక్కా అప్పుడే వీపుకి అంటుకుపోయింది.

ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు, నోరూ తగ్గలేదు. కాబట్టి ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఆ శిక్షణ హాస్టల్లో నీకు కిటికీ పక్క మంచం ఇచ్చారనీ, రాత్రి కాస్త నిద్ర పడుతోందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. పని ఉందని రాస్తే అది సగమే నిజం. నువ్వు అన్నిటికంటే ముందు మన బడి పిల్ల పిట్ట సంగతి అడిగావు. ఈసారి కూడా లెక్కల్లో తప్పితే బడి మాన్పించి, వాళ్ళ మేనత్త చంటిపిల్లను చూసుకోవడానికి పంపేస్తానని వాళ్ళ నాన్న అన్న మాట నేనే నీకు రాశాను. ఏమైందని అడిగావు. దానికి వస్తాను. ముందు మిగతావి చెప్పనీ. నువ్వు కిందికి చూపు పారేస్తావని తెలుసు, అయినా వరసగా చదువు.

వంటింటి కిటికీ రెక్క బాగుచేయించాను. వడ్రంగి రెండుసార్లు వస్తానని రాలేదు, మూడోసారి రానన్నాడు గానీ వచ్చాడు. నేను వేళకి తింటున్నాను. అమ్మ వండుతోంది, నేను గిన్నెలు తోముతున్నాను. ఈ ఏర్పాటు బయట ఎవరికీ చెప్పొద్దని ఆమె గట్టిగా చెప్పింది. నీకు చెప్పొద్దని మాత్రం అనలేదు.

ఇక మీ శిక్షణలో జరిగిన వాదన. పిల్లలకు చదువు రావాలంటే బడి రోజులు పెంచాలా, చెప్పే తీరు మార్చాలా అని మిమ్మల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టి మాట్లాడించారనీ, నువ్వు రెండో వరసలో కూర్చున్నావనీ రాశావు. "మీరైతే ఎటు కూర్చుంటారు?" అని అడిగావు. నన్ను కూర్చోనిస్తే చాలు, ఎటైనా ఫరవాలేదు అన్నంత అలసటగా ఉంది. అయినా చెబుతాను.

బడి ఎండాకాలంలోకి ఆరు వారాలు పొడిగించమని ఉత్తర్వు వచ్చిన రోజున పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు.

"మనవాళ్ళకు రావడం లేదట మాస్టారూ. అందుకని ఆరు వారాలు ఎక్కువ చెప్పమన్నారు."

"ఏం చెప్పాలట?"

"చెప్పిందే."

"చెప్పిందే అయితే మొన్నటిదాకా చెప్పాం కదండీ."

"అప్పుడు గబగబా చెప్పి ఉంటారు. ఇప్పుడు నిదానంగా చెప్పండి" అని నవ్వాడు. నవ్వినా ఆయన మొహం నాకంటే వాడిపోయి ఉంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు? మూడేళ్ళుగా ఇంకో టీచర్ని ఇమ్మని అడుగుతున్నాడు. అడగనివి వచ్చాయి.

అమ్మకు ఈ సంగతి చెబితే, "ఎండలో పిల్లల్ని కూర్చోబెట్టి ఉడకబెడితే చదువొస్తుందట్రా? నిన్ను నేను నీడలోనే పెంచాను, నీకేం తక్కువొచ్చింది?" అంది. మళ్ళీ తనే, "తక్కువ రాలేదని కాదులే" అంది.

పొడిగించిన రోజులు పూర్తిగా దండగ అనను. మేకల వాళ్ళ కవలలు మంద వెంట తిరిగి సగం ఏడాది రాలేదు కదా, ఈ ఆరు వారాలూ వచ్చారు. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతున్నారు. అసలు బడే అందని పిల్లలకు రోజులు కావాలి. కానీ ఏడాదంతా నా ఎదురుగా కూర్చున్న వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు నేను చేసిందల్లా అదే మాట ఇంకొన్నిసార్లు చెప్పడం. గొంతు ఒక్కటే పెంచాను. నువ్వు వెళ్ళాక రెండు తరగతులూ కలిపి కూర్చోబెట్టాను. ఒక పక్క వాళ్ళకు ఎక్కాలు అప్పజెప్పమని చెప్పి, ఇంకో పక్కకు తిరిగి బోర్డు మీద లెక్క చేసి, "అర్థమైందా?" అంటాను. "అయ్యింది సార్" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఎక్కాలు చెప్పేవాళ్ళు కూడా అంటారు. అంత బాగా అర్థమవుతోంది నా పాఠం.

అంతకు ముందు ఉత్తరంలో నువ్వు ఒక మాట రాశావు. పిల్ల లెక్క తప్పితే వెంటనే అడ్డగీత కొట్టెయ్యకండి, ఎలా చేశావో చెప్పమనండి, అని. అది పెద్దసారుకి చదివి వినిపించాను.

"మీ ఇంటావిడకి అక్కడ ఎంతమంది పిల్లలు?" అన్నాడు.

"ఒక్కరూ లేరండీ. అందరూ టీచర్లే."

"అదీ సంగతి!"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇది నీకు చెప్పాల్సిన పని లేదు. కానీ పిట్ట సంగతి చెప్పాలంటే ముందు ఇది చెప్పక తప్పదు.

నువ్వు వెళ్ళేనాటికి పిట్ట వాళ్ళు కూడికల్లో ఉన్నారు. తీసివేతలు నా చేతిలో మొదలయ్యాయి. నేనెలా చెబుతానో నీకు తెలుసు, మా మాస్టారు నాకు చెప్పినట్టే. యాభై రెండులోంచి ఇరవై ఏడు తియ్యాలి. రెండులోంచి ఏడు పోదు. "పోకపోతే ఏం చెయ్యాలి? పక్కింటికి వెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకోవాలి!" పిల్లలకు ఈ మాట సరదా. నేను సగంలో ఆపితే "అప్పూ!" అని అరుస్తారు.

పిట్టకు మాత్రం ప్రతిసారీ ముప్పై ఐదే వచ్చేది. పన్నెండులోంచి ఏడు సరిగ్గానే తీసేది, పదుల దగ్గర ఒకటి ఎక్కువ మిగిలేది. ఆ ఒక్క లెక్కే కాదు, అప్పున్న ప్రతి లెక్కా అంతే. మొదట్లో పలక చూస్తే ఐదు కొట్టేసి నాలుగు వేసి ఉండేది. మళ్ళీ ఆ నాలుగు కూడా కొట్టేసి పైన ఐదు రాసి ఉండేది. "ఇన్ని కొట్టివేతలేంటే, కోడి కెలికినట్టు? శుభ్రంగా రాయి" అని కసిరాను. ఆ తరువాత కొట్టివేతలు మానేసింది. లెక్క మాత్రం తప్పుతూనే ఉంది. ఆరు వారాల్లో ఒక్క రోజు మానకుండా వచ్చి, ఒక్క రోజు మానకుండా తప్పింది. నేను ఒక్క రోజు మానకుండా బోర్డు మీద మళ్ళీ చేసి చూపించాను. ఆ పిల్లకు బుర్ర లేదని అనుకోవడం మొదలుపెట్టాను. పైకి అనలేదు. అనకపోయినా పిల్లలకు తెలుస్తుందని నువ్వే అంటావు.

పరీక్షలో సగం లెక్కలు అవే వచ్చాయి. బుధవారం మార్కులు చదివాను. తప్పినవాళ్ళలో పిట్ట ఉంది. ఏడవలేదు. బడి వదిలాక అందరూ పోయినా తను కూర్చునే గోనెపట్టా దులిపి చుట్టుకుంటోంది. ఇంటి నుంచి తెచ్చుకున్నది కదా, తీసుకుపోవడానికి. నాకు తోచక, ఏదో ఒకటి మాట్లాడాలని, "ఏదీ, ఆ లెక్క ఇక్కడ చెయ్యి. చేస్తూ పైకి చెప్పు" అన్నాను. నీ ఉత్తరం గుర్తొచ్చి కాదు. అలా రాయాలనే ఉంది గానీ, నిజం అది కాదు.

గుమ్మంలో కూర్చుని పలక మీద చేసింది. "రెండులోంచి ఏడు పోదు. పక్కింటికెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకున్నా. పన్నెండు. ఏడు పోతే ఐదు. పని అయిపోయింది. తెచ్చింది ఇచ్చేశా. వాళ్ళవి మళ్ళీ ఐదు. ఐదులోంచి రెండు పోతే మూడు."

"ఇచ్చేశావా?"

"అప్పు కదా సార్."

"ఎందుకిచ్చావు?"

నావైపు వింతగా చూసింది. "అప్పు తెచ్చాక ఇచ్చెయ్యాలి కదా సార్. మీరు తెచ్చుకోమనే చెప్పారు, ఇవ్వొద్దని చెప్పలేదు."

బీరువా ముందు కుర్చీ వేసి, ఎక్కి నీ పుల్లల కట్టలు దించాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు దాని ముందు పెట్టాను. ఏడు ఇమ్మన్నాను. విడివి రెండే ఉన్నాయంది. మరేం చేస్తావన్నాను. ఒక కట్ట విప్పింది. ఏడు నా చేతిలో పెట్టి, మిగిలిన కట్టలు చూసి, "నాలుగే ఉన్నాయి" అంది. అందులోంచి రెండు కట్టలు ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టి ఇరవై ఐదు అంది. ఇంకో మూడు లెక్కలు పుల్లలతో చేసింది, ఆ తరువాతవి పుల్లలు ముట్టకుండా చేసింది. ఒక్కటీ తప్పలేదు.

"ఇది అప్పు కాదు కదా సార్. చిల్లర మార్చడమే కదా" అంది.

"అవును. చిల్లర మార్చడమే" అన్నాను.

"మరి అలాగే చెప్పొచ్చు కదా" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది.

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. మార్కులు పైకి వెళ్ళిపోయాయి, మళ్ళీ పరీక్ష పెట్టే వీలు లేదు అన్నాడు. సాయంత్రం పిట్ట వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న అప్పుడే గోదాములో బస్తాలు దించి వచ్చి, భుజం మీద తడిగుడ్డ వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి పీట వేశాడు. పిల్లను బడిలో ఇంకో ఏడాది ఉంచమన్నాను.

"ఇంకో ఏడాది ఉంచితే వస్తుందంటారా సార్?"

"వస్తుంది. వచ్చేసింది కూడా. ఇవాళ చేసింది."

"పరీక్ష అయ్యాకా?" అన్నాడు. "సార్, మీరు మంచోళ్ళు, ఇంటిదాకా వచ్చారు. ఈ ఏడాది బడి రోజులు పెంచారన్నారు, పంపించాను. ఎండలో కూడా పంపించాను. జ్వరం వచ్చినా పోతానంటే పోనిచ్చాను. అన్ని రోజులు ఎక్కువ చెప్పినా రాలేదంటే ఇక దానికి రాదనే కదా? ఆ సంగతి తేలిపోయింది కదా."

రోజులు తక్కువై రాలేదని అనుకోవడానికి పోయిన ఏడాది ఆయనకు వీలుండేది. ఈ ఏడాది ఆ వీలు లేకుండా చేశాం.

తప్పు పిల్లది కాదు, నేను చెప్పిన మాటది అన్నాను. అప్పు సంగతి మొదటి నుంచి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. విని, "అయితే అప్పు తెచ్చి తిరిగి ఇవ్వకపోతే లెక్క సరైనట్టా సార్?" అన్నాడు. లోపలి నుంచి వాళ్ళ ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను. మంచినీళ్ళు ఇచ్చారు, తాగి వచ్చేశాను. పిట్ట గోడ దగ్గర నిలబడి అంతా వింటూనే ఉంది.

గురువారం తరగతిలో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించమన్నాను. ఇంకో ముగ్గురు అప్పు తిరిగి ఇచ్చేస్తున్నారు. ఒకడు, మన దర్జీ కొడుకు, అసలు అప్పే తేనంటున్నాడు. "మా నాన్న అప్పు చెయ్యొద్దన్నాడు సార్" అని పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. అందరినీ అడగడానికి నాకు ఒక్క పూట పట్టింది. ఆ పూట ఏడాది మొదట్లో కూడా ఉంది. ఆరు వారాలు పొడిగించకముందు కూడా ఉంది.

నేను ఎటు కూర్చుంటానని అడిగావు కదా. నువ్వు కూర్చున్న వైపే నాకూ కాస్త చోటు ఉంచు. అయితే అక్కడ మాట్లాడేటప్పుడు ఒకటి చెప్పు. నలభై మందికి ఒక్క మనిషిని పెట్టి, వాడు బాగా చెప్పాలని ఉత్తర్వు వేస్తే, అది కూడా రోజులు పెంచినట్టే ఉంటుంది. నా తప్పు తగ్గించుకోవడానికి అనడం లేదు. నాకు ఆ పూట ఉన్నా నేను అడగలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మరీ అడగలేదు.

వచ్చేటప్పుడు రబ్బరు బ్యాండ్లు తీసుకురా, లావువి. దారం ముళ్ళు చిన్నపిల్లలు విప్పలేరు. అమ్మ నీకు చెప్పమన్నది ఏమంటే, అక్కడ నేర్చుకున్నదంతా ఇంట్లో మా మీద చూపించొద్దని.

పొడిగించిన బడి శుక్రవారంతో అయిపోయింది. పిట్ట నిన్న శనివారం పొద్దున మొదటి బస్సుకి వాళ్ళ మేనత్తతో వెళ్ళిపోయింది.

ఇట్లు,
నీ ఇంటాయన