మయూరి క్యాసెట్‌లో తాత పాట

మయూరీ బిడ్డా,

మగ్గం గుంతలోకి మూడోసారి వరద నీళ్లొచ్చిన ఈ ఏడాదే నాకు పాడే తీరిక దొరికింది. ముందు ఒక మాట విను. ఎర్ర గీత ఉన్న క్యాసెట్ నీ పాత కంప్యూటర్‌కు పెట్టకు. అందులో నువ్వు రాసిన ఆట లేదు. నేనున్నాను.

నిన్న దాన్ని టేపులో వేస్తే కీచుమని ఒకటే మోత. వరదకు తడిసి పాడైందనుకుని దాని మీదే నా నేత పాట రికార్డు చేశాను. మీ బాపమ్మ బీడీలు చుడుతూ విన్నది.

"అరే, గా కూతల్నే పోరి కంప్యూటర్ ఆట ఉన్నది! రెండు నెలల సంది రాసుకుంటున్నది. నీ పాట ఎవలకు గావాలె?" అంది.

నీ కంప్యూటర్‌కూ వినిపించి చూశాను. అరగంట విని ఒక్క మాట అనలేదు. మీ బాపమ్మకన్నా దానికే మర్యాద ఎక్కువ.

నూలు కోసం కొంతం చౌక్ వెళ్తున్నాను. పెరుగు జాలీ అల్మారాలో ఉంది, తిను.

తాత

మరిచాను. క్యాసెట్ వెనక చిన్న రెక్కలు విరిస్తే ఇక దాని మీద రికార్డు కాదట. ఈ పొద్దున నీ మిగతా నాలుగింటికీ విరిచేశాను. ఎర్ర గీతదానికి విరవలేదు. నా పాట చెరిపి నీ ఆట రాసుకో.