గింజలేరే చేతులు

హినోతేగా,
ఆదివారం

డైరెక్టర్ మిరేయా గారికి,

గురువారం ఉదయం మీ వృద్ధాశ్రమంలో నా భార్య ఎవుదోసియా ఫలహారపు పళ్లెంలో అన్నం ఒక పక్కకీ, చిక్కుడు గింజలు ఒక పక్కకీ ఏరిపెట్టింది. కొత్త ఆయా అది అల్లరనుకుని ఆమె చేతులను తువ్వాలుతో కుర్చీకి కట్టేసింది. యోర్లెని అనే పాత ఆయా వచ్చి కట్లు విప్పి, పచ్చి కాఫీగింజల పళ్లెం ముందు పెట్టింది. ఎవుదోసియా పెళ్లికి ముందునుంచీ కాఫీ గిడ్డంగిలో మంచి గింజల్లోంచి పాడైన నల్లవాటిని ఏరింది. మతిమరుపు జబ్బుతో నన్ను మరిచిపోయింది గాని, ఆ పని మరవలేదు. మధ్యాహ్నం దాకా నెమ్మదిగా ఏరింది.

"ఏమే పిల్లా, ఇంత నల్లగింజ నీ కంటికి ఆనలేదా? మేస్త్రీ చూశాడంటే నీ పని అంతే!" అని యోర్లెనిని తిట్టింది. అవే ఆఖరి మాటలు. కాసేపటికి ఆ కుర్చీలోనే పోయింది.

ఆ పళ్లెం సంగతి యోర్లెనికి నేర్పింది నేను. ఇక్కడి ముసలివాళ్లు ఒకప్పుడు ఏ పని చేసేవారో, ఆ పని వాళ్ల చేతికి ఎలా ఇవ్వాలో డ్యూటీ మారే వేళ ఆయాలకు నేను చెప్పే పాఠాన్ని, ఆమెను పూడ్చిన రోజున మీరు సమాధి దగ్గరే ఆపేశారు. "మీ ఆవిడ పోయారు కదా మాస్టారూ, ఇంక మాతో మీకేం పని?" అన్నారు.

పని ఉంది. మీ ఆశ్రమంలోనే ఉన్న ఒకప్పటి బస్సు కండక్టరు ఎర్మోహెనెస్ గారు అందరి జేబులూ తడుముతున్నారని నిన్న ఆయన చేతులూ కట్టారట. ఆయన దొంగ కాదు, చార్జీ అడుగుతున్నారు. ఒక నాణెం చేతిలో పెడితే, "లోపలికి జరుగు నాయనా, వెనక బోలెడు చోటుంది!" అని నవ్వుతారు.

మీ అనుమతి కోసం ఇది రాయడం లేదు. రేపు ఉదయం ఆయాలు వచ్చే వేళకు కాఫీగింజల సంచీతో, జేబులో చిల్లరతో వస్తాను. గేటు తీయకపోతే బయట మెట్టు మీద కూర్చుని పాఠం చెబుతాను.

ఎవుదోసియా భర్త