తల మీద ఒట్టు

మార్చి 3, మంగళవారం

తమ్ముడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. తలకు కట్టు, దాని మీద వదులు టోపీ. హోటల్లో ఇంటి పని అని చెప్పి సెలవు పెట్టాడు. నాకు హోటల్ పని అని చెప్పి వెళ్లాడు. నిజానికి వెళ్లింది జుట్టు నాటించుకోవడానికి.

కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. తిట్టలేదు. అమ్మ పోయినప్పటి నుంచి వాడికి నేను, నాకు వాడు. ఒకే ఇల్లు. వాడికిప్పుడు నలభై తొమ్మిది. రిసెప్షన్‌లో నిలబడి వచ్చేపోయేవాళ్లను పలకరించే ఉద్యోగం. కొత్త మేనేజరు కుర్రవాడట. వయసు కనపడేవాళ్లను ఒక్కొక్కరినే ముందు నుంచి తప్పించి లగేజీ గదికి పంపుతున్నాడట. ఈసారి వంతు నాదేనక్కా అన్నాడు.

వెనక నుంచి వెంట్రుకలు తీసి ముందు నాటారు. నారు పోసినవాడు నీరు పోయడా అన్నాను, ధైర్యం చెబుదామని. ఇప్పుడప్పుడే నీళ్లు తగలనివ్వొద్దన్నారక్కా అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దన్నాడు. ముఖ్యంగా చెల్లికి. మా చెల్లిని ఇంట్లో రేడియో అంటాం. దానికి చెబితే వాడి హోటల్ గోడలకు కూడా తెలిసిపోతుంది. ఒట్టు వెయ్యమన్నాడు. చెయ్యి చాచాను. తాకకు తాకకు అని కేక వేశాడు. జానెడు ఎత్తులో, గాలిలోనే చెయ్యి ఆపి ఒట్టు వేశాను. నీ తల మీద ఒట్టురా, ఎవరికీ చెప్పను.

వేశాక భయం వేసింది. ఒట్టు తప్పితే ఆ తలకే చుట్టుకుంటుందని అమ్మ అనేది. ఇంతవరకు నేను ఒక్కటీ తప్పలేదు.

మార్చి 5, గురువారం

నుదురు వాచి కళ్లు మూసుకుపోయాయి. ఇది మామూలేనని క్లినిక్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. ముద్ద కలిపి నోట్లో పెట్టాను. చిన్నప్పుడూ ఇంతే, ఒళ్లు బాగాలేకపోతే నోరు తెరిచి పిచ్చుకపిల్లలా కూర్చునేవాడు.

రేడియో ఫోన్ చేసింది. వాడేడీ అంది. జలుబు అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. ప్రార్థనలో క్షమించమని అడిగాను.

మార్చి 12, గురువారం

వాపు తగ్గింది. పొక్కులు రాలాయి. కింద చర్మం ఎర్రగా, నుదుటి నుంచి నడినెత్తి దాకా. ఎండలో ఆడుకొచ్చిన పిల్లవాడి చెంపలా ఉంది.

హోటల్ నుంచి ఫోన్. సోమవారం రావాల్సిందేనట. పెద్ద గుంపు దిగుతోందట. డెస్కు దగ్గర టోపీ పెట్టుకోకూడదు. వాడు అద్దం ముందు నుంచి కదలడం లేదు.

ఏదైనా రాసి దాచలేమా అక్కా అన్నాడు. క్లినిక్‌లో అడిగావా అన్నాను. అడిగాను, పైపైన రాయొచ్చన్నారు అన్నాడు. అంటూ నా వైపు చూడలేదు.

మార్చి 14, శనివారం

మేకప్ షాపుకు వెళ్లాను. యాభై ఏడేళ్లలో మొదటిసారి. నేను పౌడరు కూడా రాసుకోను.

కౌంటర్లో అమ్మాయి ఎవరికాంటీ అంది. నాకే అన్నాను. ఎరుపు దాచాలి అన్నాను. నా మొహమంతా వెతికింది. ఎరుపు ఎక్కడుందాంటీ అంది. ఇంకా రాలేదమ్మా, వస్తుంది అన్నాను. పాపం, పగలబడి నవ్వింది.

ఎరుపు మీద ఆకుపచ్చ రాస్తే ఎరుపు చస్తుందట. ఆకుపచ్చ మీద చర్మం రంగు. నాకు వెంటనే బోధపడింది. నాది రఫూ పని. చిరిగిన బట్టకు రంగు కలిసే దారం వెతికి, అక్కడ చిరుగుండేదని ఎవరికీ తెలియకుండా నేస్తాను. షేడు నా మణికట్టు మీద చూసుకుని తీసుకున్నాను. వాడిదీ నాదీ ఒకటే రంగు, అమ్మ రంగు.

మార్చి 16, సోమవారం, ఉదయం

వాడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ముందు ఆకుపచ్చ, వేలి కొసతో, అద్దినట్టు. నాటిన వెంట్రుకలు మొలకల్లా గుచ్చుకున్నాయి. నొప్పా అన్నాను. అసలు తెలియడమే లేదు, అక్కడంతా మొద్దుబారిపోయింది, కొన్నాళ్లు అంతేనట అన్నాడు. చర్మం వేడిగా లేదు. దేవుడి పేరు తలుచుకుంటూ రాశాను.

అయ్యాక చూస్తే ఎరుపు లేదు. నాకే నమ్మకం కలగలేదు. వాడు అద్దం చూసుకుని నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టాడు.

సాయంత్రం

ఎవరూ కనిపెట్టలేదట. సెలవు బాగా కలిసొచ్చింది సార్, పదేళ్లు తగ్గారు అన్నాడట మేనేజరు. అన్నం తింటూ ఈల వేశాడు. తినేటప్పుడు ఈల వేయొద్దని అమ్మ మాటగా నేను అన్నాను.

మార్చి 18, బుధవారం

క్లినిక్ వాళ్లు తల ఫోటో పంపమన్నారట. నా రంగు పని అయ్యాక తీయమన్నాడు. అప్పుడు వెలుతురు బాగుంటుందని. తీశాను.

మార్చి 19, గురువారం

క్లినిక్ వాళ్లు వెరీ గుడ్ అన్నారట. దేవుడికి దణ్ణం.

మార్చి 21, శనివారం

వేలితో రాస్తే గీతలు పడుతున్నాయని స్పాంజి తెచ్చాడు. నిజమే, నునుపుగా వస్తోంది. ఆకుపచ్చ కూడా ఇకనుంచి తనే స్నానాల గదిలో రాసుకుని వస్తానన్నాడు. నీకెందుకక్కా శ్రమ, పైది మాత్రం నువ్వు వెయ్యి అన్నాడు.

సరే అన్నాను. పొద్దున్నే ప్రార్థనకు కాస్త ఎక్కువ సమయం దొరికింది.

మార్చి 22, ఆదివారం

రేడియో వచ్చింది, చెప్పాపెట్టకుండా. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది. ఒరేయ్, ఒంటి మీద పౌడరు వాసనేంట్రా, ఎవతిరా అది అంది. వాడు టీ పొలమారి దగ్గాడు. ఈ వయసులో పెళ్లి చేసుకుంటే నాకు చెప్పి చేసుకో, ఫోటోల్లో వెనక నిలబెట్టకు అంది. జుట్టు కూడా మళ్లీ మొలుస్తున్నట్టుంది, ఏం తింటున్నావురా అంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

వెళ్లేటప్పుడు మెట్ల మీద నన్ను ఆపింది. అక్కా, వాడు బాగానే ఉన్నాడా అంది. కళ్లు పీక్కుపోయాయి అంది. బాగానే ఉన్నాడన్నాను.

అది నవ్విన నవ్వు కంటే ఆ ఒక్క మాట నన్ను ఎక్కువ భయపెట్టింది.

మార్చి 24, మంగళవారం

క్రీము త్వరగా అయిపోతోంది. మొదటి వారం కంటే రెట్టింపు పడుతోంది. దిండు గలీబు ఉతుకుతుంటే పసుపుపచ్చ మరక. క్రీము అనుకున్నాను. క్రీముకు ఆ వాసన ఉండదు.

వాడు భోజనం కాగానే మాత్ర వేసుకున్నాడు. ఎందుకురా అన్నాను. ఒళ్లు నొప్పులు, రోజంతా నిలబడతాను కదక్కా అన్నాడు.

మార్చి 26, గురువారం, ఉదయం

స్పాంజి చిరిగింది. వేలితో వేశాను.

కాలింది. ఇస్త్రీ పెట్టె అప్పుడే ఎత్తిన బట్టలా ఉంది వాడి నెత్తి. వేలు నొక్కితే మెత్తగా దిగింది. వాడికి ఏమీ తెలియలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

తడిగుడ్డతో తుడిచేశాను. వద్దక్కా వద్దక్కా అంటున్నాడు, వినలేదు. నడినెత్తిన ఎరుపు కాదు. నీలం. మధ్యలో నల్లగా, మాడిన అట్టులా. చుట్టూ చీము చుక్కలు.

ఎన్నాళ్ల నుంచిరా అన్నాను. క్రీము డబ్బా అందుకోబోయాడు. ఆసుపత్రికి పద అన్నాను. క్లినిక్ వాళ్లు వెరీ గుడ్ అన్నారుగా అన్నాడు.

అప్పుడు తెలిసింది. వాళ్లు చూసింది వాడి తలను కాదు. నా పనిని.

మళ్లీ ఒకసారి అడిగాను, రాయొచ్చని వాళ్లు నిజంగా అన్నారా అని. తల దించుకున్నాడు. అడగలేదక్కా అన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

వాడు తనే రాసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. రేపు ఆ గుంపు ఖాళీ చేస్తుంది, ఎల్లుండి చూపించుకుంటానన్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టరా అని బతిమాలాను. చిన్నప్పుడు ఆటల్లో ఆ ఒక్క మాటతో ఎన్ని ఒట్లు తీసుకున్నామో. ఎవరి తల మీద ఒట్టు వేస్తే వాళ్లే ఆ మాట అనాలి. పెట్టను అన్నాడు. చెప్పావంటే నా తల పగులుతుంది, నీ ఇష్టం అన్నాడు. అని తలుపు వేసుకుని వెళ్లాడు.

రఫూ షాపుకు పోలేదు. ప్రార్థనకు కూర్చున్నాను.

చెబితే ఆ తలకు ముప్పు. చెప్పకపోతే ఆ తలకే ముప్పు.

పురుగు పట్టిన ఉన్ని కోటు రఫూకు వస్తే ముందు ఉతికి ఎండలో వేస్తాం. అలా కాకుండా పైన నేస్తే లోపల పురుగు తింటూనే ఉంటుంది, పనితనం ఎంత బాగుంటే అంత ఆలస్యంగా బయటపడుతుంది. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది నేనే.

మార్చి 27, శుక్రవారం

పొద్దున్న వాడికి ఒళ్లు వణికింది. కప్పు పట్టుకోలేకపోయాడు. అయినా వెళ్లాడు. మాత్రలు జేబులో వేసుకున్నాడు.

రేడియోకు ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చెబుతున్నంతసేపు నా చెయ్యి నా తల మీదే ఉంది, ఎందుకో. అది ఒక్క జోకూ వేయలేదు. కారు తీసుకుని వస్తున్నా, కిందికి రా అంది, అంతే.

హోటల్ హాలు నిండా పెట్టెలు, మనుషులు. దీపాల కింద వాడు నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. నుదుటి మీద చెమట పట్టి, ఒక ఆకుపచ్చ చార కనుబొమ్మ దాకా దిగింది. వాడికి తెలియదు. ఎదురుగా ఉన్నవాళ్లు చూస్తున్నారు, చెప్పడం లేదు.

నేను వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. చెప్పండి మేడమ్, నేనేం చేయగలను అన్నాడు. నన్ను చూస్తూనే. ముందు హాస్యమనుకున్నాను. తరవాత తెలిసింది, వాడు నన్ను గుర్తుపట్టలేదు.

ఇంటికి పోదాం పదరా నాన్నా అన్నాను. గది నంబరు చెప్పండి మేడమ్ అన్నాడు. కౌంటరు అంచు పట్టుకున్నాడు. చెయ్యి జారింది. రేడియో అప్పటికే అటువైపు దూరి, వాడి చంకలో చెయ్యి వేసింది. ఒరేయ్, నా మీద వాలరా, మోసీమోసీ అలవాటే నాకు అంది. మేనేజరు కుర్రవాడు తన కుర్చీ తెచ్చి ఇచ్చాడు. ఆ కుర్రవాడి మొహం పాలిపోయింది.

మార్చి 28, శనివారం

ఆసుపత్రి. చీము రక్తంలోకి పాకింది అన్నారు డాక్టరుగారు. నర్సు వాడి తల కడిగింది. గిన్నెలో నీళ్లు ముందు మన చర్మం రంగు, తరవాత ఆకుపచ్చ, తరవాత ఎరుపు. ఇది ఎవరు రాశారమ్మా అంది. నేనే అన్నాను. ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మార్చి 30, సోమవారం

చచ్చిన చర్మం కోసి తీసేశారు. అక్కడ ఇక జుట్టు రాదట. ఎంత మేర అని అడిగాను. డాక్టరుగారు తన అరచెయ్యి తెరిచి చూపించారు.

నా చెయ్యి ఒడిలో దాచుకున్నాను. ఆ రోజు గాలిలో ఆపింది సరిగ్గా ఆ చోటు మీదే.

మార్చి 31, మంగళవారం

జ్వరం దిగలేదు. మందు మార్చారు. కళ్లు తెరిచినప్పుడు నన్ను చూసి గోడ వైపు తిరుగుతున్నాడు. రేడియో మాత్రం మంచం పక్కన కూర్చుని ఆసుపత్రిలో అందరి కథలూ చెబుతోంది, వాడు విన్నా వినకపోయినా. రాత్రికి నన్ను ఇంటికి పొమ్మంది. పోలేదు. ఒట్టు నేను తప్పాను, మధ్యలో వాడేం చేశాడు, నన్ను తీసుకో అని దేవుణ్ణి అడిగాను. అలా బేరం ఆడకూడదని తెలుసు. ఆడాను.

ఏప్రిల్ 1, బుధవారం

ఇవాళ దేవుణ్ణి ఏమీ అడగలేదు. కూర్చున్నాను.

ఏప్రిల్ 3, శుక్రవారం

మేనేజరు వచ్చి వెళ్లాడు. నయమయ్యాక డెస్కు దగ్గరికే రమ్మన్నాడట, టోపీ పెట్టుకున్నా సరేనట. రేడియో చెప్పింది. వాడు వింటున్నాడో లేదో తెలియలేదు. నేను ఫ్లాస్కు కడగడానికి లేచాను. నా చెంగు లాగినట్టయింది.

వాడి వేళ్లు.

ఏప్రిల్ 4, శనివారం, ఉదయం

గట్టు మీద పెట్టేశానులే అక్కా అన్నాడు. గొంతు రాలేదు, పెదాలే.

కట్టు పక్కన, నుదుటి మీద చెయ్యి పెట్టాను. పెట్టనిచ్చాడు.

జ్వరం దిగి చల్లగా ఉంది.